ఉద్దానం కిడ్నీ పొడవు ఎవరు రాసిపెట్టారు?
(అధ్యక్షోపన్యాసం)



వంశధార సముద్రంలో కలిసే చోటికి మమ్మల్నందరినీ రప్పించిన కళింగపట్నం మిత్రులకు ముందుగా కృతజ్ఞతలు. ఇందాక వక్తల పరిచయాలు విన్నాను. ఎవరి దగ్గర ఫిల్ము చూడటం నేర్చుకున్నారో ఒక్కరి గురించీ చెప్పలేదు. హెచ్-ఇండెక్స్ మాత్రం అందరిదీ చదివారు. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పేపర్లకు, వాటి సైటేషన్లకు కలిపి పెట్టిన లెక్క అది. అంతకుముందు మన రేడియాలజీ శాఖలో పండితులే లేనట్టు మాట్లాడే మిత్రులు కొందరు ముందు వరుసలోనే కూర్చున్నారు. పేర్లు చెప్పను. వాళ్ల ఇండెక్స్ నాకంటే చాలా ఎక్కువ.

ఆ లెక్కకు అందనివాళ్లూ ఉన్నారు. కార్మాక్ అనే భౌతికశాస్త్రవేత్త 1963, 64లలో జర్నల్ ఆఫ్ అప్లైడ్ ఫిజిక్స్‌లో సీటీకి కావలసిన గణితం రాస్తే పట్టించుకున్న నాథుడు లేడు. 1979లో సీటీ యంత్రం తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. మధ్యలో మన ప్రమోషన్ కమిటీల ముందుకు వచ్చి ఉంటే ఆయన అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానే రిటైరయ్యేవాడు. 1971లో జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ రాసిన పేపరు ఈ హాల్లో ఎందరు చదివారు? రామ్-లాక్ ఫిల్టరని ఫిజిక్స్ పరీక్షకు బట్టీ మాత్రం పట్టాం. సీటీలో ఫిల్టర్డ్ బ్యాక్ ప్రొజెక్షన్ జరిగినప్పుడల్లా ఆ పేపరు పని చేస్తూనే ఉంది. స్కానింగ్ సెంటర్లు సైటేషన్లు ఇవ్వవు కదా.

కాకర్ల సుబ్బారావు గారి గురించి మీకు చెప్పక్కర్లేదు. పెదముత్తేవిలో 1925లో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో ఎముకల రేడియాలజీలో పేరు తెచ్చుకుని, తిరిగొచ్చి నిమ్స్‌ను నడిపించారు. 2021లో కన్నుమూశారు. ఆయన పేపర్లు లెక్కపెట్టి "ఇంతేనా సార్?" అన్న కుర్ర డాక్టరు ఒకరు ఈమధ్య నాకు తగిలారు. నాయనా, ఆయన సంపాదకత్వంలో వచ్చిన పాఠ్యపుస్తకం చదివి ఎందరు గట్టెక్కారో, ఆయన పెట్టిన క్రెస్ట్ ట్రస్టు క్లాసుల్లో కూర్చుని ఎందరు ఎముక చదవటం నేర్చుకున్నారో ఏ డేటాబేసు చెబుతుంది?

పేపర్ల మీద నాకు కక్షేమీ లేదు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో రవీందర్ రెడ్డి గారి బృందం మెదడులోని గ్లుటమేట్‌ను ఎంఆర్ఐతో పటం కట్టి 2012లో నేచర్ మెడిసిన్‌లో వేసింది. అంతకుముందు 1997 నుంచీ కీళ్ల మృదులాస్థి మీద టీ1-రో అనే ఎంఆర్ఐ కొలతలు ప్రచురిస్తూ వచ్చింది. ఒకే ప్రశ్నను ఏళ్ల తరబడి పట్టుకోవాలి. కొలిచింది రాయాలి, రాసింది దాచాలి. మనకు చేతకానిది ఆ మూడో పనే.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో గది నిండా పాత ఎక్స్-రే ఫిల్ములు ఉండేవి. ఒక వేసవిలో వాటిని కిలోల లెక్కన వెండి తీసేవాడికి అమ్మేశారు. మన జిల్లా ఛాతీలు, వెన్నెముకలు, ఫ్లోరోసిస్ ఎముకలు అన్నీ తక్కెడ ఎక్కాయి. అభ్యంతరం చెబితే, "స్థలం ఎక్కడుందండీ?" అన్నారు. ఇప్పుడు స్థలం సమస్య లేదు. హార్డ్‌డిస్కులున్నాయి. అయినా తుడిచేస్తున్నాం.

ఇక ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. "మళ్లీ మొదలెట్టాడు" అని అక్కడెవరో నవ్వుతున్నారు. నవ్వండి. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మనుషుల కిడ్నీలు మన ప్రోబ్ కిందికి వచ్చినన్ని ఇంకెవరి దగ్గరికీ రాలేదు. డాక్టర్ అనిర్బన్ గంగూలీ గారు 2016లో అమెరికన్ జర్నల్ ఆఫ్ కిడ్నీ డిసీజెస్‌లో రాసిన పేపరు శీర్షికలోనే మరింత పరిశోధన చేయమన్న మొర ఉంది. మన శాఖ ఏమిచ్చింది? "బైలాటరల్ గ్రేడ్ టూ రీనల్ పేరెంకైమల్ డిసీజ్" అన్న ఒక్క వాక్యం. లివరుతో పోల్చి తెల్లగా ఉందన్నాం, సంతకం పెట్టాం. కార్టెక్స్ మందం ఎంతో రాయలేదు. పొడవు రాసినా, నిరుటి పొడవు పక్కన పెట్టి చూడలేదు. థర్మల్ కాగితం మీద తీసిన బొమ్మ రైతు ఇంట్లో ఎండకు, ఉక్కకు వెలిసిపోతుంది. మూడేళ్ల తర్వాత ఆయనే తెచ్చి చూపిస్తే అందులో పేరు కూడా కనబడదు. గర్భిణి స్కానుకు చట్టం ఉంది కాబట్టి ఫారం-ఎఫ్ రెండేళ్లు భద్రంగా ఉంచుతాం. కిడ్నీకి అడిగేవాడు లేడు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల కిడ్నీ పొడవు తొమ్మిది నుంచి పన్నెండు సెంటీమీటర్లు. జీడితోటలో పనిచేసే మనిషిది ఏ వయసులో తగ్గటం మొదలవుతుంది? రక్తంలో క్రియాటినిన్ పెరగకముందే కార్టెక్స్ పలచబడుతోందా? అదే మనిషిని అదే పద్ధతిలో ఏటా కొలిస్తే తప్ప జవాబు దొరకదు. దీనికి కొత్త మెషీను అక్కర్లేదు. పలాసలో 2023లో కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. దానికి మనం ఇవ్వగలిగేది ఈ కొలతలే.

పలాస, సోంపేట, టెక్కలి, ఇచ్ఛాపురంలలో మెషీను ఉన్న ప్రతి డాక్టరు గారికీ నా మనవి ఇది. రెండు కిడ్నీల పొడవు, కార్టెక్స్ మందం, స్కాను తేదీ, ఊరి పేరు రాయండి. మనిషి అనుమతి తీసుకుని బొమ్మను డైకామ్ రూపంలో దాచండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇక్కడే బల్ల దగ్గర కూర్చుంటాను. ఇష్టమున్నవాళ్లు వచ్చి పేరు, ఫోన్ నంబరు ఇవ్వండి. హెచ్-ఇండెక్స్ రాయనక్కర్లేదు.