వేటకుక్క పేరు, పగ్గం ఎవరి చేతిలో?
(బసంత్‌నగర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల కుక్క గురించి మాట్లాడుత. నవ్వకుండ్రి. "కుక్కలెక్క పనిజేస్తున్నం" అని షిఫ్టు దిగినంక మనమే అంటం. ఎవరినన్న కించపరచాలన్నా అదే మాట. గని 1989లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల నక్సలైట్ల మీదికి తయారుచేసిన పోలీసు బలగానికి 'గ్రేహౌండ్స్' అని పేరు పెట్టిన్రు. అది కూడ కుక్క పేరే. కూలోనికి తిట్టయింది, తుపాకి పట్టినోనికి బిరుదయింది. ఎట్లయింది?

'హౌండ్' పాత ఇంగ్లీషుల 'హుండ్'. అప్పుడు ఏ కుక్కనైనా అట్లనే అనేటోళ్లు. జర్మన్ల ఇప్పటికీ అంతే. తర్వాత 'డాగ్' అనే మాట పైకొచ్చింది, 'హౌండ్' వేటకుక్కకే మిగిలింది. అదే క్రియ అయితే వదలకుండ వెంటాడి వేధించుడు. మన సంస్కృత 'శ్వన్', లాటిన్ 'కానిస్', ఈ 'హౌండ్' ఒక్క తల్లి పిల్లలే. ఇగ 'గ్రే' అంటే బూడిద రంగనుకుంటరు. కాదు. పాత మాట 'గ్రీగ్‌హుండ్'. దాంట్ల మొదటి సగానికి రంగుతో సంబంధం లేదు. ఆ జాతి వాసన పట్టి కాదు, కంటితో చూసి తరుముతది. వాసన పట్టేది 'బ్లడ్‌హౌండ్'.

మన దిక్కు చూద్దాం. అమరకోశం కుక్కకు ఎన్నో పేర్లు చెప్పింది. 'కౌలేయకం' అంటే ఇంటిది, కులానిది. 'భషకం' అంటే మొరిగేది. 'మృగదంశకం' అంటే జంతువును కరిచేది. వేటల ఆరితేరినదానికి 'విశ్వకద్రువు' అని వేరే పేరున్నది. 'సారమేయం' అంటే సరమ బిడ్డ. ఋగ్వేదంల పణులు దాచిన ఆవుల జాడ ఇంద్రుని కోసం తీసింది ఆ సరమనే. తెలుగు కావ్యాల వేట వర్ణనల్ల 'జాగిలాలు' ఉరుకుతయి. ఇప్పుడు పేపర్లల్ల జాగిలం అంటే పోలీసు కుక్కనే. 'హౌండ్' లెక్కనే ఈ మాట కూడ ఇరుకైంది.

గమనించిన్రా? ఇల్లు కాసినా, వేటాడినా, జాడ తీసినా కుక్క ఒక్కటే. పేరు మారింది దాని పనిని బట్టి, ఆ పని చెప్పినోన్ని బట్టి. రైలు పట్టాను చెక్క స్లీపరుకు బిగబట్టే మేకును కూడ 'డాగ్ స్పైక్' అంటరు. అది ఎవ్వరినీ తరమదు, పట్టిన పట్టు విడవదు, అంతే.

2014ల రాష్ట్రం వేరైంది. 'గ్రేహౌండ్స్' అన్న పేరు రెండు దిక్కులా ఉండిపోయింది. జెండాలు మారినంత జల్దిగ మాటలు మారవు. అందుకే పిల్లలకు మాట అర్థం ఒక్కటే చెప్పి ఊకోవద్దు. ఆ పేరు పెట్టిందెవరు, ఎవరి మీదికి ఉసిగొల్పెటందుకు పెట్టిన్రు, అది కూడ అడగమని నేర్పాలె. కుక్క తప్పు ఏమీ లేదు. చూడాల్సింది పగ్గం పట్టిన చెయ్యిని.