సంఘంలో ఉద్వేగం: చేర్యాల పటం నుంచి చేతిలోని తెర దాకా
(స్మారకోపన్యాసం)

ఉద్వేగం మనిషి లోపల పుట్టి లోపలే అణగిపోయే సొంత వ్యవహారమన్న అభిప్రాయం చదువుకున్నవారిలో బలంగా నాటుకుపోయింది. ఉద్వేగమంటే ఏమిటన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి మనోవిజ్ఞాని విలియం జేమ్స్ 1884లో రాసిన వ్యాసం, శరీరంలో కలిగే మార్పును మనసు గుర్తించడమే ఉద్వేగమని ప్రతిపాదించింది. అప్పుడు కూడా దృష్టి ప్రధానంగా ఒక్క మనిషి దేహం మీదనే నిలిచింది. తరువాతి మనోవిజ్ఞానం దానికి మరి రెండు అంశాలను చేర్చింది. ఎదురైన పరిస్థితి తనకు మేలో కీడో అని వేసుకునే అంచనా ఒకటి, ఆ అంచనా వెంటనే ఏదో ఒకటి చేయాలని కలిగే ప్రేరణ రెండవది. అంచనాకు కావలసిన కొలతలను మనిషికి అందించేది సంఘమే కనుక, దేనికి సిగ్గుపడాలో, ఎవరి ఎదుట కోపం దిగమింగాలో, ఎన్నాళ్లు ఏడిస్తే తగునో ఇల్లూ వాడా నేర్పుతాయి. ఉద్వేగం సంబంధాల దారినే నడుస్తుందనీ, ఆ సంబంధాలు మారితే ఉద్వేగం చేయించే పని కూడా మారుతుందనీ చెప్పడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ఈ మాటకు కంటికి కనిపించే సాక్ష్యం తెలంగాణలోని చేర్యాలలోనే ఉంది. ఇక్కడి నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టుబంకలతో పూతలు పట్టించి, ఎర్రని రంగు నేపథ్యంగా పెద్ద పెద్ద కళ్ల బొమ్మలు గీసి, అరలు అరలుగా కథను పైనుంచి కిందికి దించేవారు. సుమారు 3 అడుగుల వెడల్పున్న పటం 40 అడుగులు దాటి సాగేది. దానిని కథకుడు ఊరికి తెచ్చి, ఒక్కొక్క అర విప్పుతూ, కర్రతో బొమ్మను చూపుతూ రాత్రుల తరబడి పాడేవాడు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణాన్ని, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను, మాదిగలకు డక్కలివారు జాంబపురాణాన్ని చెప్పేవారు. ఏ ఊరు ఏ కుటుంబం వంతో మిరాశీ హక్కుగా ముందే తేలి ఉండేది.

ఆ కథల పని వినోదంతో తీరిపోయేది కాదు. ఊరి చివర బతుకుతూ పొద్దున లేస్తే అవమానం మింగవలసి వచ్చిన మాదిగ కుటుంబాలు, లోకానికంటే ముందు పుట్టిన జాంబవుడే తమ మూలపురుషుడని నలుగురి నడుమ కూర్చుని వినేవి, పటం మీద చూసేవి. ఒంటరిగా అనుభవించిన అవమానం సిగ్గుగా మారి మనిషినే తొలుస్తుంది; పక్కన తనవారు కూర్చుని ఉండగా విన్న వంశకథ అదే మనిషిలో ఆత్మగౌరవాన్ని నిలబెడుతుంది. పాతబడి చినిగిన పటాన్ని మూలన పడేయకుండా, ఇంటి మనిషిని సాగనంపినట్టు సాగనంపి నీటిలో విడిచే ఆచారం ఉండేదంటే, ఆ గుడ్డతో కథకులకున్న అనుబంధం ఎంతటిదో తెలుస్తుంది.

అయితే ఈ గౌరవానికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. మనోవిజ్ఞాని హెన్రీ టాజ్‌ఫెల్, ఆయన సహచరులు 1971లో ప్రచురించిన ప్రయోగాలలో, బ్రిస్టల్ నగరంలోని 14, 15 ఏళ్ల బడిపిల్లలను క్లే, కాండిన్‌స్కీ అనే చిత్రకారుల బొమ్మల్లో ఎవరివి నచ్చాయన్న సాకుతో రెండు జట్లుగా విడదీసి, ఇతరులకు డబ్బు పంచమన్నారు. తాము చేసే పంపకం వల్ల తమకేమీ దక్కదని తెలిసి కూడా పిల్లలు తమ జట్టు వైపే మొగ్గారు. తమ జట్టుకు వచ్చే మొత్తం కొంత తగ్గినా ఎదుటి జట్టుకంటే మిన్నగా ఉంటే చాలనుకున్నారు. అంత పలుచని గీతే ఇంత పని చేయగలిగితే, తరతరాల కథతో గీసిన కులపు గీత ఎంత చేయగలదో ఊహించవచ్చు. కులగౌరవాన్ని పోషించిన పటమే కులాల నడుమ గోడకు కూడా ఆసరా అయింది.

గుంపు మనసులను ఎలా కలుపుతుందో జాతరలోనూ చూడవచ్చు. చేర్యాల పక్కనే ఉన్న కొమురవెల్లిలో సంక్రాంతి మొదలు ఉగాది దాకా సాగే మల్లన్న జాతర అగ్నిగుండాలతో ముగుస్తుంది. గుంపులో ఉద్వేగం పొంగి ఒక్కొక్కరినీ తమకు మించిన శక్తిలో కలుపుతుందని సంఘశాస్త్రవేత్త ఎమిల్ డర్కైమ్ 1912లో రాసిన మాట ఇక్కడ నిలిచి చూసినవారికి కొత్తగా అనిపించదు. అయితే గుంపులోని అందరి గుండె ఒకేలా కొట్టుకుంటుందా? స్పెయిన్‌లోని సాన్ పెడ్రో మాన్రికే గ్రామంలో నిప్పుల మీద నడిచేవారి గుండె వేగాన్ని, చూసేవారి గుండె వేగాన్ని కొలిచిన పరిశోధన 2011లో వెలువడింది. నడిచేవారి బంధుమిత్రుల గుండెలు వారి గుండె లయకు దగ్గరగా సాగగా, సంబంధం లేని ప్రేక్షకులలో ఆ పొందిక కనిపించలేదు. అగ్నిగుండం దాటే కొడుకును చూస్తూ అంచున నిలబడ్డ తల్లి గుండె దడ అక్షరాలా కొడుకు గుండెతో ముడిపడిందనడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

ఇప్పుడు పటం గోడకు వేలాడే అలంకారమైంది, రాత్రిపూట చూపు చేతిలోని తెర మీదికి మళ్లింది. 6,89,003 మంది ఫేస్‌బుక్ వాడకందారులకు చెప్పకుండానే వారికి కనిపించే రాతలను మార్చి చేసిన ప్రయోగం 2014లో బయటపడి ప్రపంచమంతటా ఆగ్రహం కలిగించింది. సంతోషపు రాతలను తగ్గించి చూపినప్పుడు వారి సొంత రాతల్లోనూ సంతోషపు మాటలు తగ్గాయి. తేడా అతి స్వల్పమే అయినా, ముఖం కనపడకుండా, గొంతు వినపడకుండా కూడా ఉద్వేగం అంటుకుంటుందని తేలింది. పటంకథకు ఒక ముగింపు ఉండేది, కోపం వచ్చినా కన్నీరు వచ్చినా పక్కనున్నవారు చూసేవారు. తెర మీది కోపానికి ముగింపు లేదు, దానిని చల్లార్చే పొరుగు మనిషీ ఉండడు.

బాధ విషయంలో ఈ ఒంటరితనం మరింత ప్రమాదకరం. పల్లెల్లో మనసుకు బాగాలేదని చెప్పేవారు తక్కువ. గుండె దడ, తల బరువు, నిద్ర పట్టకపోవడం అని చెబుతారు. చైనాలో నరాల బలహీనతగా వైద్యం పొందుతున్నవారిలో చాలామందికి ఉన్నది కుంగుబాటేనని మానసిక వైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ 1980ల తొలినాళ్లలో చూపించారు. పరువు పోతుందన్న భయం ఉన్నచోట శరీరమే మనసు తరఫున మాట్లాడుతుంది. మనసు బాధల్లో ఫోన్ ద్వారా సాయం అందించేందుకు 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేయడం ఉచితమే అయినా, పరువు భయాన్ని ఆ నంబరు ఒక్కటే దాటించలేదు.

జింబాబ్వేలో డిక్సన్ చిబండా అనే మానసిక వైద్యుడు 2006లో మొదలుపెట్టిన పద్ధతి ఇక్కడ ఆలోచించదగినది. ఆరోగ్య కేంద్రం ఆవరణలో బల్ల వేసి, శిక్షణ పొందిన పెద్ద వయసు స్త్రీలను దాని మీద కూర్చోబెట్టి, వచ్చినవారి కష్టం వినిపించుకుని ఒక్కో చిక్కును విప్పుకునేలా తోడ్పడమన్నారు. 573 మందితో జరిపి 2016లో ప్రచురించిన పరీక్షలో, 6 నెలల తరువాత ఆ బల్ల దగ్గరికి వచ్చినవారిలో కుంగుబాటు లక్షణాలు మామూలు వైద్యం పొందినవారిలోకంటే చాలా తక్కువగా ఉన్నాయి. చేర్యాల ప్రాంతపు పల్లెల్లో ఆశా కార్యకర్తలు ఉన్నారు, మహిళా సంఘాల సమావేశాలు జరుగుతున్నాయి, కష్టం వింటే కదిలిపోయే పెద్దమ్మలు ప్రతి వాడలోనూ ఉన్నారు. గుండె దడ అని చెప్పుకున్న మనిషిని నిద్ర గురించీ, అప్పు గురించీ, ఇంట్లో మాట కలిపేవారి గురించీ అడగడం వారికి నేర్పి, అవసరమైతే ఆ మనిషి పక్కనే కూర్చుని 14416కు ఫోన్ కలిపించే ఏర్పాటును ఒక్క మండలంలోనైనా మొదలుపెట్టవచ్చు.