రెండు తలుపుల కారుతో నిత్యజీవనం

రెండే తలుపులు, వెనక్కి వాలుగా దిగే పైకప్పు గల కారును కూపే అంటారు. అమెరికాలోని ఒహైయో రాష్ట్రం మేరీస్‌విల్ కర్మాగారంలో తయారై, 1988లో జపాన్‌కు సైతం ఎగుమతి అయిన హోండా అకార్డ్ కూపే మధ్యస్థాయి తరగతిలో దీనికి చక్కని ఉదాహరణ.

ఈ కారు యజమానికి రోజూ ఎదురయ్యే మొదటి సంగతి తలుపు పొడవు. నాలుగు తలుపుల సెడాన్ తలుపు కన్నా ఇది బాగా పొడవైనది కనుక, దుకాణాల ముందు ఇరుకుగా నిలిపిన కార్ల మధ్య దానిని పూర్తిగా తెరవడానికి చోటు చాలదు. డ్రైవరు ఒరుసుకుంటూ దిగవలసి వస్తుంది, ఎక్కాక సీటు బెల్టు కోసం భుజం వెనక్కి చేయి బాగా చాచవలసి వస్తుంది. పసిపిల్లల సీటును వెనుక బిగించాలంటే ముందు సీటును వంచి, ముందుకు జరిపి, నడుము వంచి లోపలికి దూరాలి. ఇది చిన్న శ్రమ కాదు. వెనుక స్తంభం, అంటే పైకప్పును మోసే వెడల్పాటి లోహభాగం, పక్క వరుసలోని వాహనాన్ని కప్పేస్తుంది; అందుకే 2013 నమూనా నుంచి కొన్ని రకాలలో కుడి అద్దం కింద కెమెరా అమర్చి, కుడి సిగ్నల్ వేయగానే ఆ దృశ్యం తెరపై కనబడేటట్లు చేశారు.

అయినా 3.5 లీటర్ల వి6 ఇంజనుకు ఆరు గేర్ల మాన్యువల్ జోడించిన ఈ తరగతి కారు అరుదు కాబట్టి, ఆ నడకకు అలవాటుపడినవారు ఈ ఇబ్బందులను ఇష్టంగానే భరించారు; ఆ ఇష్టం న్యాయమైనదే. 2017 నమూనాతో దీని తయారీ ఆగిపోయినందున నేడిది పాత కారుగానే దొరుకుతుంది; కొనదలచినవారు ముందుగా వెనుక సీటులో తామే కూర్చుని చూడాలి.