రంభ ఒడ్డున రెండు రాత్రులు
(బరంపురంలోని తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చలికాలం రాగానే మన ఊరి తెలుగు ఇళ్ళలో వినబడే మాట ఒకటున్నది: "ఈ ఆదివారం చిలికాకు పోదామా?" పోవడమంటే తెల్లవారకమునుపే పులిహోర కలుపుకొని బయలుదేరడం, రంభలో పడవ మాట్లాడుకొని రెండు గంటలు తిరగడం, చీకటి పడేలోగా ఇల్లు చేరడం. ఈసారి శనివారమే వెళ్ళి ఆ రాత్రి అక్కడ నిలవండని నా మనవి.

గడచిన జనవరిలో మా కుటుంబమూ, మా బావగారి కుటుంబమూ కలిసి పదకొండు మందిమి రెండు రాత్రులు అక్కడ గడిపాము. పర్యాటక సంస్థవారి పాంథనివాస్ రంభలో నీటి ఒడ్డునే ఉన్నది. పెద్దలు అందులో బస చేశారు. పిల్లలకు గుడారమే కావాలి గనుక, సమీపంలోని ఒక తోట యజమానిని అడిగి అక్కడ వేసుకొన్నాము. దోమలు మమ్మల్ని ఉపేక్షించలేదు. అయినా అర్ధరాత్రివేళ నీటిమీద బాతుల సందడి విని మా అత్తయ్యగారి మనుమడు నిద్ర మాని కూర్చున్నాడు. బాతులలో పలు జాతులు రాత్రిపూటనే మేత మేస్తాయి. పగటి పడవలో తిరిగి వచ్చేవారికి ఆ సందడి వినే యోగం లేదు.

ఈ సరస్సు మనకు దక్కినదే ఒక గండం గడచిన తరువాత. 1981లో రామ్‌సర్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా దీనికి గుర్తింపు వచ్చింది. కాలక్రమంలో పూడిక పేరుకొని సముద్రంతో రాకపోకలు సన్నగిల్లాయి; నీటిలో ఉప్పదనం తగ్గింది, కలుపు వ్యాపించింది, చేపలు క్షీణించాయి. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలోకి దీని పేరెక్కింది. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వి సముద్రపు నీటికి దారి ఇచ్చారు. చేపలు, రొయ్యలు మళ్ళీ పెరిగాయి. 2002లో ఆ జాబితా నుండి పేరు తొలగింది.

మన బరంపురంవారు ప్రత్యేకించి గమనించవలసినది ఇక్కడే ఉన్నది. ఆ ముఖద్వారం తూర్పున సాతపడ వైపు ఉన్నది. మనం వెళ్ళే రంభ దక్షిణపు కొస. సముద్రపు ఆటుపోట్ల బలం అక్కడికి అంతంతమాత్రంగా చేరుతుంది. పాలూరు కాలువ ఒకటి ఋషికుల్య ముఖం వైపు దారి ఇస్తున్నా అది ఇరుకైనది. కనుక సరస్సులో నీరు మెల్లగా మారే భాగం ఇదే. రంభ దగ్గర నీటిలో పడవేసిన పళ్ళెం, సంచి రేపటికి సముద్రంలో కలిసిపోతాయని ఎవరైనా అనుకొంటే అది భ్రమ. వలలు వేసేది అదే నీటిలో. మన సంచి చిక్కుకొనేది ఒక మత్స్యకారుని వలలో. గంజాం తీరాన నోలియాల ఇళ్ళలో వినిపించేది తెలుగేనన్న సంగతి మీకు తెలియనిది కాదు.

పిల్లలకు చెప్పదగిన ముచ్చట ఒకటి. రంభకు ఎదురుగా సరస్సులో బర్కుడా అనే చిన్న ద్వీపమున్నది. కాళ్ళు లేని ఒక బల్లిజాతిని అక్కడ కనుగొని 1917లో అనండేల్ అనే శాస్త్రజ్ఞుడు లోకానికి పరిచయం చేశాడు. పామును పోలి మట్టిలో దాగి బతికే ప్రాణి అది. దాని దగ్గరి బంధువు మన విశాఖపట్నం ప్రాంతంలో ఉన్నది! మా పిల్లలు ఆ పూటంతా ఆకుల కింద వెదికారు. దొరకలేదు, దొరకకపోవడమే మంచిది.

ఇక పడవ సంగతి. ఏటా లక్షల సంఖ్యలో పక్షులు దూరదేశాల నుండి ఇక్కడకు వచ్చి శీతాకాలం గడుపుతాయి. తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వును అవి ఇక్కడ మేసి కూడబెట్టుకొంటాయి. ఫొటో కోసం ఇంజనుతో గుంపులోకి దూసుకొనిపోతే అవి లేచి ఎగరవలసి వస్తుంది. కూడబెట్టినది అక్కడే ఖర్చవుతుంది. నలబణ అభయారణ్యంలో దిగడం ఎలాగూ నిషిద్ధం. పడవవానిని మాత్రమే నిందించడం న్యాయం కాదు. "ఇంకా దగ్గరకు, ఇంకా దగ్గరకు" అని అరిచేది మనమే, అదనపు డబ్బు ఇచ్చేదీ మనమే. బేరం కుదుర్చుకొనేటప్పుడే, పక్షులు కనబడగానే ఇంజను ఆపి వెదురుగడతో నడపాలని చెప్పండి. ఆలస్యమైన సమయానికి కూడా కూలి ఇస్తామనండి. మా పడవవాడు ఆ మాట విని మొదట నవ్వాడు, తరువాత గడ చేతికి తీసుకొన్నాడు.

వంటకు స్టవ్వు తీసుకొనివెళ్ళండి, తోటలలో ఎండుటాకులుంటాయి కనుక మంట వేయవద్దు. దుప్పట్లు రెండు ఎక్కువగా ఉంచుకోండి. చెత్తకు ఖాళీ బియ్యపు సంచి ఒకటి చాలు. దానిని బరంపురం దాకా వెనుకకు తెచ్చి ఇక్కడి చెత్తబండికే అప్పగించండి.