అడవిపల్లెలలో ఓటు



ఆదిలాబాదు జిల్లాలోని ఉట్నూరు ప్రాంతమున గోండులు, కోలాములు, ప్రధానులు, లంబాడీలు, మైదానములనుండి వచ్చి స్థిరపడిన యితరులును నివసించుచున్నారు. నేనచ్చట బహుకాలము బడిపంతులుగా నుండి, ఎన్నికల దినములలో పోలింగు విధులను గూడ నిర్వర్తించితిని. ఈ ప్రజల యోటును గూర్చి పట్టణవాసు లాడు మాట యొకటి కలదు: “వారికేమి తెలియును? పటేలు చూపిన గుర్తుపై వ్రేలు నొక్కుదురు.” ఈ మాట యెంతవరకు నిజమో విచారింతము.

గూడెమువారు కలసి వచ్చుట నిజమే. ముందు పటేలు, వెనుక వృద్ధులు, వారి వెనుక చంకబిడ్డలతో స్త్రీలు వరుసగా వచ్చి ఎడమచేతి చూపుడువ్రేలికి సిరా గుర్తు వేయించుకొనుట నేను పలుమారులు చూచితిని. గోండులు నాలుగు, అయిదు, ఆరు, ఏడు వేల్పుల వర్గములుగా నేర్పడియున్నారు. పెండ్లియైనను, పూజయైనను, తగవైనను పెద్దల యెదుట నలుగురును గూర్చుండి తీర్చుకొనుట వారి యాచారము. ఓటును గూర్చియు నట్లే మాటలాడుకొందురు. అడవిలో చెదరియున్న చిన్నపల్లెకు విడివిడిగా బలము లేదు. కలసి యడిగిననే నాయకుడు చెవియొగ్గును.

ఇది గ్రుడ్డినమ్మకమే యైనచో ఫలితము లెల్లప్పుడు నొక్కతీరుగ నుండవలెను. అట్లు లేవు. ఉట్నూరు చేరియున్న ఖానాపూర్ నియోజకవర్గమున 2018లో తెలంగాణ రాష్ట్ర సమితియు, 2023లో కాంగ్రెసును గెలిచినవి. ఆదిలాబాదు లోక్‌సభ స్థానమున 2019లోను, 2024లోను భారతీయ జనతాపార్టీ గెలిచినది. 2024లో ఆ పక్షమున గెలిచిన గోడం నగేష్‌గారే 2014లో తెలంగాణ రాష్ట్ర సమితి పక్షమున గెలిచియుండిరి. జెండా మారినను మనుష్యుని మన్నించిరని దీనివలన దెలియుచున్నది.

మరి వారడుగున దేమి? ప్రధానముగా భూమి. భూమికొరకే కుమ్రం భీము 1940లో జోడేఘాట్ కొండలలో ప్రాణము లర్పించెను. పిమ్మట నిజాము ప్రభుత్వము హైమెన్‌డార్ఫ్ పండితునిచే గోండుల స్థితిగతులను పరిశీలింపజేసెను. పలువురకు పట్టాలు లభించెను. 1981 ఏప్రిలు 20వ తేదీన ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులలో గిరిజనులు మరణించిరి. ఆనాటి సభకును భూమియే మూలము. 2006 నాటి అటవీహక్కుల చట్టము వచ్చిన పిదప పోడుభూమి పట్టా ఎన్నికలలో పెద్దమాట యైనది.

రెండవ విషయము జాతిభేదము. 1976 నాటి సవరణ చట్టముచే తెలంగాణపు లంబాడీలును షెడ్యూల్డు తెగలలో జేరిరి. అప్పటినుండి రిజర్వు స్థానములకు గోండులును లంబాడీలును పోటీపడుచున్నారు. 2017లో ఈ వైరము ఘర్షణలకు దారితీసినది. ఇట్టి పోటీలో పక్షముకన్న అభ్యర్థి పుట్టుక ముందు చూడబడుచున్నది. ఇందు మిక్కిలి నష్టపడువారు కోలాములు. సంఖ్య స్వల్పమగుటచే, తెగల కేర్పడిన స్థానమున సైతము వారి గొంతు వినబడుట యరుదు.

కాబట్టి నా మనవి యిది. కలసి యాలోచించుట తప్పుగాదు. కాని నలుగురి యెదుట పగలు జరిగిన యాలోచన వేరు. రాత్రివేళ ఒక్క పెద్ద యింట జరిగిన బేరము వేరు. మొదటిది పల్లెకు బలము. రెండవది పల్లెను అమ్ముట. పూర్వము తెగల మాట నడిపిన పెద్దరికము నేడు డబ్బునకు లోబడినచో, ఊరంతయు నొక్క సంతకముతో పోవును.

దీనికి మందు రహస్యపు ఓటే. యంత్రముచెంత చీటి యేడు క్షణములు ఓటరునకు మాత్రమే కనబడి పెట్టెలో పడును. పటేలుకు గాని అభ్యర్థికి గాని తెలియదు. ఈ సంగతి తెలియని ముసలివారు నేటికిని కలరు. 2018 నాటి పంచాయతీ చట్టముచే పెక్కు గూడెములు, తండాలు ప్రత్యేక పంచాయతీలై, 2019 జనవరిలో తమ సర్పంచులను దామే యెన్నుకొనినవి. చదువుకొనిన యువకులు తమ యింటి వృద్ధులకు ఈ రహస్యమును నచ్చజెప్పవలెను. సభలో నందరితో మాటలాడి, యంత్రముచెంత తన మనస్సు చెప్పినట్లు నడచుకొన్న యోటరును, వాడు గోండైనను లంబాడీయైనను కోలామైనను, ఎవ్వరును కొనజాలరు.