నిప్పుకి లొంగని మాట

నాకిచ్చిన అయిదు నిమిషాల్లో ఒక్క ఇంగ్లీషు విశేషణం గురించి చెబుతాను.

గోదావరి బ్లాస్ట్ ఫర్నేసు 1990లో మొదలైంది కదా, ఆ మరుసటి ఏడు నాది ఎనిమిదో తరగతి. ప్రోగ్రెస్ కార్డు మీద ఇంగ్లీషు మాస్టారు ‘రిఫ్రాక్టరీ’ అని రాశారు. నాన్నకి ఇంగ్లీషు అంతగా రాదు. ఆ మాట మాత్రం రోజూ చూసేదే. స్టీల్ ప్లాంటులో లాడిళ్ల లోపల ఇటుకలు పేర్చే మేస్త్రి ఆయన. కరిగిన ఉక్కు వేడి 1600 డిగ్రీల దాకా ఉంటుంది. దానికి తట్టుకునే ఇటుకే రిఫ్రాక్టరీ. కంచరపాలెం మెట్టు దగ్గర షిఫ్టు బస్సు కోసం నిలబడి అందరికీ చెప్పారు: “మా గుంటడు నిప్పుకి లొంగడని మేస్టారే రాసేరు!”

నేను డిక్షనరీ తీశాను. మొండివాడు, మాట విననివాడు అని ఉంది. లాటిన్ మూలంలోనూ అర్థం మొండితనమే, ఇటుకకి ఆ పేరు తర్వాత వచ్చింది. మందులకి లొంగని జబ్బునీ డాక్టర్లు ఇలాగే అంటారు. మనిషికి వాడితే తిట్టు, ఇటుకకి వాడితే మెప్పు. (కాంతి వంగడానికి సంబంధించిన ‘రిఫ్రాక్టివ్’ వేరు, కలిపేయకండి.)

నాన్నకి చెప్పలేకపోయాను. ఆయన బడికొచ్చి మాస్టారికి దండం పెట్టారు. మాస్టారు నావైపు ఒకసారి చూసి, “కూర్చోండి మేస్త్రిగారూ, ఆ ఇటుక ఎలా పేరుస్తారో చెప్పండి” అన్నారు. అరగంట విన్నారు.

తర్వాతి కార్డులో ఆ మాట లేదు. నాన్న మాత్రం పాత కార్డే రిటైరయ్యేదాకా పెట్టెలో దాచుకున్నారు.