చౌకభోజనమును గణితశాస్త్రమును
(పఠనమందిర సభలో గావించిన యుపన్యాసము)



గణితమనగనే మనలో పెక్కుమందికి బడిలోని బెత్తము జ్ఞప్తికి వచ్చును. నేడు నేను మనవి చేయబోవునది వంటయింటి గణితము.

1945లో అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు జార్జి స్టిగ్లరు ఒక ప్రశ్న వేసెను. మితముగా శ్రమించు పురుషునకు వలయు తొమ్మిది పోషకాంశములును లోపింపకుండ, అత్యల్పవ్యయముతో ఏడాదిపాటు భోజనము పెట్టుట యెట్లు? 77 పదార్థముల 1939 నాటి ధరలను ముందుంచుకొని ఆయన లెక్కించగా 39 డాలర్ల 93 సెంట్లు తేలెను. 370 పౌనుల గోధుమపిండి, 285 పౌనుల ఎండు చిక్కుడుగింజలు, కొంత క్యాబేజీ, కొంచెము పాలకూర, నీరిగిర్చిన డబ్బాపాలు. ఏడాది పొడుగునను ఇంతియే! అయినను ఇంతకంటె చౌక లేదని నిరూపించు సాధన మానాడు ఆయనకు లేకుండెను.

1947లో జార్జి డాంట్జిగు సింప్లెక్సు పద్ధతిని కనిపెట్టెను. హద్దులు గీసిన క్షేత్రమున, ఖర్చు తగ్గు దిక్కునకే మూల నుండి మూలకు నడచి, ఇక తగ్గుదారి లేని మూలయందు నిలుచుటయే దాని మర్మము. (రష్యాలో కాంటరోవిచ్చు 1939లోనే యిట్టి గణితమును రచించెను, పశ్చిమదేశములకు ఆ సంగతి చాలకాలము తెలియలేదు.) ఆ యేడే తొమ్మండ్రు గుమాస్తాలు చేతియంత్రములతో ఈ భోజనపు లెక్కను కట్టిరి. ఒక్క మనిషికైనచో 120 దినముల పని. ఫలితము 39 డాలర్ల 69 సెంట్లు! స్టిగ్లరు ఊహ తప్పినది 24 సెంట్లు మాత్రమే.

తరువాత డాంట్జిగు తన బరువు తగ్గించుకొన దలచి, కడుపు నిండునట్టి యాహారమును నిర్ణయింపుమని కంప్యూటరు నడిగెను. అది దినమునకు 500 గ్యాలనుల వెనిగరు త్రాగుమనెను! పట్టికలో వెనిగరుకు నీటిభాగము సున్నయని యుండెను. ఆ పదార్థమును తొలగింపగా, దినమునకు 200 మాంసరసపు బిళ్లలు తినుమనెను. ఉప్పునకు హద్దు ఎవరును వ్రాయలేదు మరి. యంత్రము తప్పు చేయలేదు, చెప్పినదానినే చేసినది.

పేదవాని పళ్లెమును ఇట్లు నిర్ణయించునపుడు హద్దులు వ్రాయువా రెవరు? రుచి, వైవిధ్యము, ఆచారము అనునవి పోషకశాస్త్రములో భాగములు కావనియు, వానిని శాస్త్రము పేర చలామణి చేయరాదనియు స్టిగ్లరే హెచ్చరించెను. తన భోజనమును ఎవ్వరికిని విధింపరాదనియు ఆయన యభిప్రాయము. నే నింకొక మెట్టు ముందునకు పోయెదను. రుచి శాస్త్రము కాకపోవచ్చును గాని, తినువాని హక్కు కాకపోదు. ఆ పట్టిక వ్రాయుచోట వానిని గూర్చుండబెట్టక తయారుచేసిన చౌకభోజనము, లెక్క యెంత సరియైనను, నాకు సమ్మతము కాదు.

ఐక్యరాజ్యసమితివారి ప్రపంచ ఆహార సంస్థ క్షామపీడితుల కిచ్చు ఆహారమును ఎంచుటకు ఈ గణితమునే వాడుచున్నది. అందులకై 2021లో ఎడెల్మన్ బహుమానమును గూడ పొందెను.